అడవి దారిలో బోల్తా పడిన జీపును క్షేమంగా నిలబెట్టడం ఎలా

బొర్రా గుహల నుంచి కటికి జలపాతం వైపు వెళ్లే జీపు దారిని గానీ, మారేడుమిల్లి చుట్టుపక్కల కొండల్లోని మట్టి బాటలను గానీ చూసినవారికి, అక్కడ బండి బోల్తా పడటానికి వేగం అక్కరలేదని తెలుస్తుంది. వానకు కోసుకుపోయిన అంచులో ఒక చక్రం దిగబడి, అదే సమయంలో కొండ వైపు చక్రం బండరాయి ఎక్కితే, మనిషి నడిచే వేగంతో వెళ్తున్న జీపు కూడా లోయ వైపుకు ఒరిగిపోతుంది. నెమ్మదిగా ఒరిగిన బండిలోంచి అందరూ చిన్న గాయాలతో బయటపడినా, ఆ తరువాత పదిమంది చేరి హడావుడిగా దాన్ని లేపబోయినప్పుడు ప్రాణాపాయం కలగవచ్చు. అందుకే లేపడం కన్నా ముందు బండిని కదలకుండా పట్టి ఉంచడం మీదే శ్రద్ధ ఎక్కువగా పెట్టాలి.

మొదటి పని మనుషులది. బండి ఊగుతూ ఉంటే లోపలికి దూరకూడదు. ముందుగా అది ఒరిగే వైపున రాళ్లు, దుంగలు గట్టిగా ఆనించి పెట్టి, ఆ తరువాతే చేయి పెట్టాలి. సీటు బెల్టుకు వేలాడుతున్న మనిషిని భుజాల కింద, నడుము కింద ఇద్దరు పట్టుకున్న తరువాతే బెల్టు విప్పాలి లేదా కోయాలి. లేకపోతే ఆ మనిషి మెడ మీద పడే ప్రమాదం ఉంది. మెడ నొప్పి, కాళ్లూ చేతుల్లో తిమ్మిరి ఉన్నవారిని, మంటలు లేదా బండి జారిపోయే ముప్పు ఉంటే తప్ప, కదపకుండా 108 కోసం వేచి ఉండాలి. సిగ్నల్ లేనిచోట ఇద్దరిని కలిపి దగ్గరి ఊరికి గానీ అటవీ శాఖ చెక్‌పోస్టుకు గానీ పంపాలి. ఒక్కరినే పంపడం అడవిలో మంచిది కాదు.

ఇంజన్‌ను వెంటనే ఆపాలి. తలకిందులైన డీజిల్ ఇంజన్ తన సొంత ఇంజన్ ఆయిల్‌నే పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ తిరగవచ్చు. అలా జరుగుతుంటే దాని దగ్గరకు ఎవరూ పోకూడదు. పెట్రోలు వాసన వస్తుంటే బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల ఏవీ ఆ చుట్టుపక్కల ఉండకూడదు. చేయి సురక్షితంగా అందితే బ్యాటరీకి నెగటివ్ తీగను ముందుగా విప్పాలి. బ్యాటరీ నుంచి కారేది యాసిడ్ కాబట్టి చేతికి తొడుగు ఉండాలి.

ఇక ఈ పని మనం చేయదగినదేనా అని నిలబడి ఆలోచించాలి. బండి లోయ అంచున వేలాడుతున్నా, చీకటి పడినా, వాన కురుస్తున్నా, బండిని కట్టడానికి నమ్మదగిన చెట్టు గానీ బండ గానీ లేకపోయినా, మనుషులను దూరంగా తెచ్చి తెల్లవారేదాకా ఆగడమే సరైన నిర్ణయం. కదిపే ముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోవాలి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకు తెలపడం, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయడం మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్ డ్రైవరుకు అప్పగించిన బాధ్యతలు. అటవీ సిబ్బందికీ కబురు చేయాలి. మీటకర్రల కోసం చెట్లు నరకడం నేరమే కాక అనవసరం కూడా. పడి ఉన్న దుంగలు చాలు.

లోయ వైపు ఒరిగిన బండికి సాధారణంగా పైకప్పు లోయ వైపూ, చక్రాలు కొండ వైపూ ఉంటాయి. అది ఇంకొక దొర్లు దొర్లకుండా ఆపాలంటే, ఇప్పుడు పైన ఉన్న పక్కనుంచి, అంటే గాలిలో ఉన్న చక్రాల దగ్గరి ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) నుంచి, కొండ వైపు చెట్టుకు ఒక పట్టు తాడు కట్టాలి. చెట్టు బతికి ఉన్నదై, లావుగా, వేళ్లు నేలలో లోతుగా దిగినదై ఉండాలి. వెడల్పాటి పట్టీని మొదలు దగ్గర కిందికి చుట్టాలి. గొలుసు నేరుగా చుడితే బెరడు తెగి చెట్టు చచ్చిపోతుంది, పైకి కడితే చెట్టే వంగి లేచిపోవచ్చు. ఈ తాడు బిగిసిన తరువాతే తక్కిన పనులు మొదలు కావాలి, బండి నాలుగు చక్రాల మీద నిలబడి రాళ్లు పెట్టేదాకా అది వదులు కాకూడదు. ఏటవాలు మీద నిలబడిన బండి ఒక్కసారి ఊగి మళ్లీ లోయ వైపుకే పడటం ఈ తాడు తొందరపడి విప్పినప్పుడే జరుగుతుంది. బల్లపరుపు నేల మీద పరిస్థితి వేరు: అక్కడ బండి సగం లేచాక తన బరువుతో చక్రాల మీద దబ్బున పడుతుంది కాబట్టి, లాగే వైపుకు ఎదురుగా మరొక తాడు కట్టి, చెట్టుకు రెండు మూడు చుట్లు తిప్పి, కొద్దికొద్దిగా వదలాలి.

లాగడం చక్రాలున్న వైపుకే జరగాలి. ఛాసిస్ మీద ముందొక చోట, వెనకొక చోట పట్టీ కొనలు తగిలించి, మధ్యలో లాగే తాడు కలిపితే బండి మెలితిరగకుండా లేస్తుంది. ఈ పట్టీ పొడవుగా ఉండాలి. పొట్టిదైతే దాని రెండు కాళ్ల మధ్య కోణం పెరుగుతుంది; అది 120 డిగ్రీలకు చేరితే ఒక్కో కాలి మీదా మొత్తం లాగుడు బరువంతా పడుతుంది. తలుపు స్తంభం, పైకప్పు క్యారియర్, స్టీరింగ్ రాడ్, ట్రైలర్ తగిలించే గుండు వీటిలో దేనికీ తాడు కట్టకూడదు; ఆ గుండు తెగితే తూటాలా ఎగిరి మనుషులను చంపగలదు. కింది చక్రాలు నేల మీద ఈడ్చుకుపోకుండా, లాగే వైపున వాటికి ఆనించి పెద్ద రాళ్లు పాతాలి. దిగబడిన బండిని గుంజడానికి వాడే సాగే తాడు ఇక్కడ పనికిరాదు. సాగని పట్టీ కావాలి. పట్టీలను, తాళ్లను కలిపే ఇనుప కొక్కెమైన షాకిల్ మీద పోత పోసి ఉన్న పని బరువు, అంటే అది క్షేమంగా మోయగల బరువు, చదవాలి; 19 మిల్లీమీటర్ల షాకిల్‌కు సాధారణంగా 4.75 టన్నులు ఉంటుంది.

బండికి బిగించి, డ్రమ్ము మీద తాడు చుట్టుకుంటూ లాగే యంత్రమైన వించ్ ఉంటే అదే మేలు, ఎందుకంటే అది నెమ్మదిగా లాగుతుంది, ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. డ్రమ్ము మీద ఉక్కు తాడు కనీసం 5 చుట్లు మిగిలి ఉండాలి. డ్రమ్ము మీద చుట్ల పొరలు పెరిగేకొద్దీ లాగే శక్తి తగ్గుతుంది. తాడును కప్పీ మీదుగా తిప్పితే వేగం సగమై బలం దాదాపు రెట్టింపవుతుంది. బిగిసిన తాడు మధ్యలో దుప్పటో బరువైన గోనెసంచో వేయాలి. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలోపు, వించ్ నడిపేవారు తప్ప, ఎవరూ ఉండకూడదు.

మన ఊళ్లలో చాలాసార్లు దొరికేది ట్రాక్టరు. తాడును దాని వెనుక కింద ఉన్న, ట్రాలీ తగిలించే కమ్మీ అయిన డ్రాబార్‌కే కట్టాలి. ఇరుసుకో అంతకన్నా ఎత్తులోనో కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడుతుంది. తక్కువ గేరులో, తాడు ముందుగా బిగిసేదాకా ఆగి, కుదుపు లేకుండా కదలాలి. జేసీబీ బకెట్ పళ్లకు గొలుసు తగిలించే అలవాటు మానుకోవాలి, అది జారిపోతుంది.

చేతులతో తోసే విషయంలో నేను కఠినంగానే చెబుతాను. సుమారు 1,000 కిలోల మారుతీ జిప్సీ జీపు బల్లపరుపు నేల మీద పడితే పదిమంది కలిసి లేపగలరు. అదే ఏటవాలు మీద, 1,700 కిలోలు దాటే మహీంద్రా థార్ విషయంలో, జనం పైకప్పు వైపు చేరి భుజాలు పెట్టడమంటే బండికీ లోయకూ మధ్య నిలబడటమే. ఒక్కరి కాలు జారినా బరువు మిగతావారి మీద పడుతుంది. సాయానికి వచ్చినవారిని నొప్పించకుండా, దూరంగా నిలబడి దారి కాయమని, పిల్లలను ఆపమని పని అప్పగించాలి. ఆజ్ఞలు ఒక్కరే ఇవ్వాలి. ఆపు అనే మాట మాత్రం ఎవరు అన్నా అందరూ ఆగాలి.

పూర్తిగా తలకిందులైన బండిని ఒకేసారి తిప్పకూడదు. మొదట పక్కకు తెచ్చి, రాళ్లు ఆనించి పెట్టి, తాళ్లు మార్చి కట్టి, ఆ తరువాత నిలబెట్టాలి.

నిలబడగానే హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. వెంటనే స్టార్టు చేయడమే చాలామంది చేసే తప్పు. ఒరిగి ఉన్నంతసేపూ ఆయిల్ సిలిండర్లలోకి చేరి ఉండవచ్చు; ద్రవం నొక్కుకుపోదు కాబట్టి పిస్టన్ పైకి రాగానే దాన్ని పట్టి ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పెట్రోలు బండికి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ బండికి గ్లో ప్లగ్గులు తీయించి, ఇంజన్‌ను ఉత్తినే తిప్పి ఆయిల్ బయటకు పంపాలి. పెట్రోలు బండిలో అప్పుడు ఇంధనం, స్పార్క్ ప్లగ్గులకు వెళ్లే కరెంటు రెండూ ఆపి ఉంచాలి. డీజిల్ బండిలో ఇది మెకానిక్ చేయవలసిన పని. ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు, ఆయిల్‌తో తడిసిన ఎయిర్ ఫిల్టర్, చక్రాల నట్లు, స్టీరింగ్ చూసుకోవాలి. మొదట్లో పొగ కాసేపు రావడం సహజమే గానీ, డ్యాష్‌బోర్డు మీది ఆయిల్ హెచ్చరిక దీపం ఆరకపోతే ఇంజన్ ఆపి, బండిని కట్టి తీసుకెళ్లాలి.

వెళ్లే ముందు పగిలిన అద్దాలు, ప్లాస్టిక్ ముక్కలు, ఆయిల్ ఇంకిన మట్టి సంచిలోకి ఎత్తాలి. పాతిన రాళ్లు దారిలోనే వదిలితే రాత్రి మోటారు సైకిల్ మీద ఊరికి వెళ్లేవారు వాటికి తగిలి పడతారు కాబట్టి, వాటిని పక్కకు దొర్లించి, తవ్విన గుంటలు పూడ్చిన తరువాతే బయలుదేరాలి.