పాత అమెరికన్ ప్లేట్లు కొనేముందు

ఎస్టేట్ సేల్‌కి (ఒక ఇంట్లోని సామానంతా అమ్మకానికి పెట్టడం) వెళ్తుంటే జేబులో చిన్న టార్చి వేసుకోండి. పేరున్న పాత అమెరికన్ ప్లేట్ల రకాలు ఫియస్టా అయినా, ఫ్రాన్సిస్కన్ కంపెనీ డెజర్ట్ రోజ్ అయినా ముందు ప్లేటు తిరగేసి టార్చి వెలుగులో అడుగున కంపెనీ ముద్ర చూడాలి. ముద్ర ఉన్నంత మాత్రాన పాతదని కాదు, ఫియస్టా 1936లో మొదలై 1973లో ఆగి 1986లో మళ్లీ వచ్చింది, డెజర్ట్ రోజ్ పుట్టింది కాలిఫోర్నియాలోనే అయినా 1984లో అక్కడి ఫ్యాక్టరీ మూతపడ్డాక తయారీ ఇంగ్లండ్‌కి మారింది, అందుకే అడుగున ఇంగ్లండ్ అని ఉంటే పాత సరుకు రేటు ఇవ్వకండి.

అంచు చుట్టూ వేలు తిప్పండి. కంటికి కనపడని చిన్న పెచ్చులు వేలికి తగులుతాయి. గోటితో తట్టితే ఖంగుమనాలి, డొల్లగా మోగితే ఎక్కడో పగులున్నట్టే. పైపూతలో వలలా సన్నటి గీతలుంటే అలంకారానికే, తినడానికి వద్దు.

పాత ఎర్ర ఫియస్టా (చూస్తే నారింజ రంగే!) పూతలో యురేనియం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో ఆ రంగు ఆపేసి, 1959లో మళ్లీ మొదలుపెట్టారు. అల్మారాలో పెట్టుకుంటే టెన్షన్ అక్కర్లేదు గానీ చారు, పులుసు, నిమ్మకాయ పచ్చడి మాత్రం అందులో వడ్డించకండి, పులుపు పూతలోని లోహాలను బయటికి లాగుతుంది. పాత పూతలు చాలావాటిలో సీసం కూడా ఉంటుంది. మైక్రోవేవ్‌లో అసలు పెట్టొద్దు.