యూనిట్లు ఎక్కడ పోతున్నాయి? కరెంటు బిల్లు: సమస్య - పరిష్కారం

బిల్లు పెరగగానే ఏసీ మార్చాలా, ఫ్రిజ్ మార్చాలా అనే ఆలోచనే ముందు వస్తుంది. కొనడం తర్వాత, ముందు కొలవండి. అందుకు పరికరమేదీ అక్కర్లేదు, మీ ఇంటి మీటరే చాలు.

మీటరు మీద మిణుకుమనే చిన్న ఎర్ర లైటు ఉంటుంది. దాని దగ్గరే 3200 అనో, 1600 అనో, 6400 అనో అంకె ఉంటుంది. 3200 ఉంటే, ఆ లైటు అన్నిసార్లు వెలిగి ఆరినప్పుడు ఒక యూనిట్ అయినట్టు. ఆ మీటరుకు నిమిషానికి ఒక మిణుకు అంటే దాదాపు 19 వాట్లు. ఫోన్లో టైమరు పెట్టుకుని నిమిషంలో 8 మిణుకులు లెక్కపెట్టారంటే ఇల్లు ఆ సమయానికి 150 వాట్లు లాగుతున్నట్టు. గీజరు వేసి ఒకసారి, ఆపి ఒకసారి లెక్కపెడితే తేడా అంతా గీజరుదే. కింద చెప్పేవాటికి చాలావరకు ఈ లెక్కే ఆధారం.

సమస్య: వాడకం అంతే ఉంది, బిల్లు మాత్రం ఒక్కసారిగా ఎగిరింది

బిల్లులో రూపాయలు కాదు, పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ చూడండి. యూనిట్లను ఆ రోజులతో భాగించండి. రోజుకు సగటు పోయిన నెలంతే ఉంటే ఇంట్లో ఏ లోపమూ లేదు, రోజులు పెరిగాయి లేదా స్లాబు మారింది.

తెలంగాణలో ఈ స్లాబు దెబ్బ గట్టిది. 2022-23 నుంచి ఉన్న రేట్లలో నెలకు 101 నుంచి 200 యూనిట్లు అయితే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. 201 అయితే మొదటి 200కూ 5.10 లెక్కన పడుతుంది, ఆ పై యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు దాదాపు 208 రూపాయలు, స్థిర చార్జీలు కాక. గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకైతే 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. కాబట్టి 205, 210 దగ్గర ఆడుతున్న ఇల్లు పెద్ద మార్పులేమీ చేయనక్కర్లేదు, ఒక ఫ్యాను మారిస్తే చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి గోడ లేదు, మెట్లున్నాయి. 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. తగ్గించే ప్రతి యూనిట్ పై మెట్టు నుంచే తగ్గుతుంది. 300 వాడే ఇంట్లో 20 యూనిట్లు మిగిలితే 175 రూపాయలు.

సమస్య: ఇంట్లో అన్నీ ఆపినా మీటరు లైటు మిణుకుతోంది

ఫ్రిజ్, ఇన్వర్టరు ప్లగ్గులతో సహా తీసేసి పది నిమిషాలు చూడండి. మిణుకు లేకపోతే వైరింగ్ బాగున్నట్టే. ఉంటే లోపలి ఎంసీబీలు (ఒక్కో లైనుకు ఉండే బ్రేకర్ స్విచ్చులు) ఒక్కొక్కటీ దించండి. ఏది దించగానే లైటు ఆగిందో లీకు ఆ లైనులో ఉంది.

ఎక్కువగా దొరికేవి ఇవి: పగిలిన గీజరు కాయిల్, వానకు తడిసే గేటు లైటు వైరు, మోటారు లైనులో పాత అతుకు. స్విచ్చి ఆపినా గీజరు లీకవడం చాలామందికి అంతుపట్టదు. స్విచ్చిని ఫేజ్‌కు బదులు న్యూట్రల్ మీద పెట్టి ఉంటే, ఆపినా కాయిల్‌కు ఫేజ్ అందుతూనే ఉంటుంది. అది నీళ్ల ద్వారా ఎర్త్‌కు పోతుంది, మీటరు లెక్కిస్తుంది. బిల్లు సంగతి అలా ఉంచి, ఇది ప్రాణం తీసే లోపం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) పెట్టించండి.

పోర్షన్లున్న ఇళ్లలో ఇంకో తంటా: రెండు మీటర్లకు న్యూట్రల్ కలిసిపోవడం. మీటరు మీద ఎర్త్ గుర్తు వెలుగుతూ ఉంటే ముందు దీన్నే అనుమానించాలి. ఫేజ్‌లో, న్యూట్రల్‌లో ఏది ఎక్కువైతే దాన్నే మీటరు లెక్కిస్తుంది కాబట్టి, పక్కింటి వాడకం కొంత మీ లెక్కలోకి రావచ్చు. మీటరు తర్వాతి మెయిన్ దించినా లైటు మిణుకుతుంటే లోపం మీటరుదే కావచ్చు, 1912కు ఫిర్యాదు చేసి పరీక్ష చేయించమనండి.

సమస్య: 20 నిమిషాల్లో నిండే ట్యాంకుకు ఇప్పుడు 45 నిమిషాలు పడుతోంది

ఒక హెచ్‌పీ మోటారు గంటకు సుమారు యూనిట్ లాగుతుంది. రోజుకు 25 నిమిషాలు అదనమంటే నెలకు 12, 13 యూనిట్లు.

సంపు మోటారుకు ప్రతిసారీ నీళ్లు పోసి స్టార్టు చేయాల్సి వస్తోందంటే పైపు అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఫుట్‌వాల్వు పట్టడం లేదు. పైపు పైకి తీసి వాల్వు విప్పితే రాయో, నాచో అడ్డుపడి ఉంటుంది, లేదా వాషరు అరిగి ఉంటుంది. వాషరు మార్చడం చిన్న పని, మోటారు మార్చమని చెప్పేవాళ్ల మాట ఇది చూశాకే వినండి. వాల్వు బాగుండీ ధార సన్నగా ఉంటే సక్షన్ పైపు అతుకుల్లో గాలి లాగుతోందేమో చూడాలి, ఆ తర్వాత ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) అరుగుదల. బోరు అయితే ఎండాకాలం నీటిమట్టం దిగడం మామూలే, ఏకబిగిన గంట నడపకుండా విడతలుగా నడపండి.

మోటారు బాగుండీ రోజుకు రెండుసార్లు వేయాల్సి వస్తే నీళ్లు కారుతున్నాయి, చాలాసార్లు ఫ్లష్ ట్యాంకులోనే. రాత్రి పడుకునే ముందు ఫ్లష్ ట్యాంకులో చెంచా పసుపు కలపండి, ఎవరూ వాడకుండా అరగంట ఆగండి. కమోడ్‌లోకి పచ్చనీళ్లు దిగితే అడుగు వాషరు పోయినట్టు. చప్పుడు కూడా లేకుండా కారుతుంది కాబట్టి నెలల తరబడి కనిపించదు.

సమస్య: ఫ్యాను 5 మీద పెట్టినా గాలి రావడం లేదు

కెపాసిటరు బలహీనపడింది. సీలింగ్ ఫ్యాన్లలో సాధారణంగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, మెయిన్ ఆపి అదే కొలతది మార్పించండి. అయితే ఇది గాలి తెస్తుంది కానీ యూనిట్లు మిగల్చదు. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యానుకు నెలకు 20 యూనిట్ల తేడా. అన్నీ మార్చకండి, హాల్లోది, పడకగదిలోది చాలు, చుట్టాలు వచ్చినప్పుడే తిరిగే ఫ్యాను జోలికి పోవద్దు. బీఎల్‌డీసీ బిగించేటప్పుడు గోడ రెగ్యులేటరును లైనులోంచి తీయించండి, లేకపోతే లోపలి బోర్డు పాడవుతుంది.

సమస్య: గీజరు, ఫ్రిజ్, ఏసీ

15 లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు రావడానికి 0.6 యూనిట్, 2000 వాట్ల గీజరుకు 20 నిమిషాలు. వేడి 50 దగ్గర పెట్టి, స్నానాలన్నీ వరుసగా కానివ్వండి. బకెట్లో రాడ్డు పెడితే కరెంటు తక్కువ అనేది వట్టి భ్రమ, అదే నీటికి అదే వేడికి దాదాపు అంతే లాగుతుంది.

ఫ్రిజ్ డోరు రబ్బరులో పది రూపాయల నోటు పెట్టి తలుపు వేయండి. లాగితే పట్టు లేకుండా జారిపోయిన చోట చల్లదనం బయటికి పోతున్నట్టే. సబ్బునీళ్లతో జిడ్డు తుడవండి, గట్టిపడితే మోడల్ చెప్పి కొత్త రబ్బరు తెప్పించండి. గోడకు ఆనుకుని ఉంటే జానెడు ముందుకు జరపండి. ఇన్వర్టరు ఫ్రిజ్ సన్నగా మోగుతూనే ఉంటుంది, అది లోపం కాదు.

ఏసీలో ఫిల్టరు రెండు వారాలకోసారి కడగాలి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది, 26 పెట్టి ఫ్యాను కలిపి వాడండి. సన్న పైపు మీద మంచు కడితే గ్యాస్ తగ్గి ఉండొచ్చు, లీకు వెతకకుండా గ్యాస్ నింపించుకుంటే ఆ డబ్బూ గాలికే.

సమస్య: రాత్రి ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు కూడా నిమిషానికి నాలుగైదు మిణుకులు

ముందు ఇన్వర్టరు ప్లగ్గు తీసి మళ్లీ లెక్కపెట్టండి. పాత బ్యాటరీ ఎంతకీ నిండదు, కరెంటు తాగుతూనే ఉంటుంది. డిస్టిల్డ్ వాటరు తరచూ తగ్గిపోవడం, బ్యాటరీ ఒళ్లు వెచ్చగా ఉండటం దాని గుర్తులు. ఆగకుండా 40 వాట్లు లాగితే నెలకు దాదాపు 29 యూనిట్లు. తర్వాత సెట్‌టాప్ బాక్సు: రిమోట్‌తో ఆపినా 10 వాట్లు లాగే పెట్టె నెలకు 7 యూనిట్లు తింటుంది, గోడ స్విచ్చి ఆపాలి. ఇక ఖాళీగా వేలాడే ఫోన్ ఛార్జరు కోసం ఇంట్లో గొడవలు పెట్టుకోకండి, అది నెలకు పావు యూనిట్ కూడా కాదు.