ఎంఆర్ఐ స్కాన్‌కి వెళ్లే ముందు

- పేస్‌మేకర్, స్టెంటు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడటానికి చెవి లోపల అమర్చే పరికరం), మెదడులో క్లిప్పు, కాల్లో రాడ్డు, ఏది ఉన్నా స్కాన్ బుక్ చేసేటప్పుడే చెప్పండి. ఆపరేషన్ కాగితాలు వెంట ఉంచుకోండి. అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

- మంగళసూత్రం, మెట్టెలు, ముక్కుపుడక, మొలతాడుకున్న తాయెత్తు ఇంట్లోనే తీసిపెట్టండి. చీర కుచ్చిళ్ల దగ్గర పెట్టిన పిన్నీసు మాత్రం ఎవరికీ గుర్తుండదు. మా అమ్మకైతే సరిగ్గా స్కాన్ గది గుమ్మం దగ్గర గుర్తొచ్చింది! ఎంఆర్ఐ మిషన్ అంటే ఓ పెద్ద అయస్కాంతం, స్కాన్ జరగనప్పుడు కూడా అది ఇనుప వస్తువుల్ని లాగుతూనే ఉంటుంది.

- గర్భం అనుమానం ఉన్నా చెప్పాలి. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) ఇస్తామంటే, కిడ్నీ జబ్బు, ఎలర్జీ ఉంటే ఆ సంగతి కూడా చెప్పాలి.

- మిషన్ చప్పుడు చాలా గట్టిగా ఉంటుంది, ఇయర్ ప్లగ్స్ అడగండి. లోపల టెన్షన్ వస్తే నొక్కడానికి చేతికి బెల్ ఇస్తారు. పడుకోగానే ఒకసారి నొక్కి చూసుకోండి.