పెట్రోలు గడ్డి మిషన్ నుంచి బ్యాటరీ మిషన్‌కు మారడం ఎలా? విశాఖ ఇంటి తోటల కోసం

మా అపార్టుమెంటు ముందు రెండు వందల గజాల పచ్చిక ఉంది. ఎంవీపీ కాలనీలో ఆ మాత్రం నేల సిమెంటు కిందకు పోకుండా మిగలడమే గొప్ప. నెలకు రెండుసార్లు తోటమాలి వచ్చి పెట్రోలు మూవర్‌తో పచ్చిక కోసేవారు. తర్వాత బ్రష్ కట్టర్ భుజానికి తగిలించుకుని గోడల పక్కన, మెట్ల దగ్గర మిగిలిన గడ్డి కొట్టేవారు. ఒక ఆదివారం పని ముగిశాక టీ ఇచ్చాను. గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నారు. చలికాలం కాదు, పైగా టీ వేడిగా ఉంది. అడిగితే, మిషన్ ఆపాక చాలాసేపు వేళ్లు తిమ్మిరిగా ఉంటాయని, ఒక చేత్తో పట్టుకుంటే గ్లాసు జారుతుందని చెప్పారు. ఆయన చొక్కా వీపు మీద పొగ వాసన నాకు అడుగు దూరం నుంచే తెలుస్తోంది.

బ్యాటరీ మిషన్ల గురించి ఆలోచించడం అప్పుడు మొదలుపెట్టాను. ఏడాది కాలంలో ఒక్కొక్కటిగా మార్చాం. మొదటి నుంచీ తెలిసి ఉంటే డబ్బు, శ్రమ మిగిలేవి అనిపించిన సంగతులను ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ముందు టేపు పట్టుకుని కొలవండి

అంగడికి వెళ్లే ముందు మీ పచ్చిక ఎన్ని గజాలో కచ్చితంగా తెలుసుకోండి. ఇంటి స్థలం కాదు, గడ్డి ఉన్న నేల మాత్రమే. వంద గజాలంటే దాదాపు 84 చదరపు మీటర్లు. మిషన్ల పెట్టెల మీద చదరపు మీటర్లలోనే రాస్తారు కాబట్టి ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

యాభై గజాల లోపు చదునైన పచ్చికకు మోటారే అవసరం లేదు. చేత్తో తోసే సిలిండర్ మూవర్ చాలు. దానికి పెట్రోలు వద్దు, చార్జింగ్ వద్దు, పదును పెట్టించుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కత్తెరలా కోస్తుంది కాబట్టి గడ్డి కొసలు చిరగవు. అయితే వారానికోసారి తోయాలి. గడ్డి మోకాలి దాకా పెరిగితే దాని వల్ల కాదు.

యాభై గజాల నుంచి నాలుగైదు వందల గజాల వరకు బ్యాటరీ మూవర్ హాయిగా సరిపోతుంది. భీమిలి వైపు ఎకరాల్లో తోట ఉన్నవారు మాత్రం పెద్ద మూవర్‌ను ఇప్పుడే అమ్మేయకండి. చేత పట్టే మిషన్లను మార్చి, ఒక వానాకాలం చూశాక నిర్ణయించుకోండి.

నేల వాలు కూడా చూసుకోండి. మన ఊళ్లో కొండ పక్క ఇళ్లు తక్కువేమీ కాదు. వాలు మీద నెట్టుడు మూవర్‌ను పైకీ కిందకూ కాక అడ్డంగా నడపాలి. పైకి నెట్టేటప్పుడు కాలు జారితే మిషన్ మనిషి మీదకే వస్తుంది.

మూవర్ కాదు, ముందు భుజాన మోసేదాన్ని మార్చండి

దాదాపు అందరూ మూవర్‌తోనే మొదలుపెడతారు. పెద్దగా కనిపించేది అదే కదా. నా మాట వేరు. ముందు బ్రష్ కట్టర్‌ను మార్చండి. దానికి కారణం ఇంజనులోనే ఉంది.

మూవర్లలో ఎక్కువగా ఉండేది ఫోర్ స్ట్రోక్ ఇంజను. బ్రష్ కట్టర్లలో చాలావాటికి టూ స్ట్రోక్ ఇంజను ఉంటుంది. పెట్రోలులో ఆయిల్ కలిపి పోసేది అందుకే. టూ స్ట్రోక్‌లో కాలిన పొగ బయటకు పోయే దారి, కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారి ఒకే సమయంలో తెరుచుకుని ఉంటాయి. అందువల్ల కొంత పెట్రోలు, ఆయిల్ కాలకుండానే పొగతో కలిసి వెళ్లిపోతాయి. ఆ నీలి పొగ వెళ్లేది ఎక్కడికి? ఇంజను మనిషి నడుము వెనకే ఉంటుంది. గోడ పక్కన గాలి ఆడని చోట పని చేస్తుంటే అదంతా ఆ మనిషి ఊపిరితిత్తుల్లోకే. మిషన్ కొన్న మనం కిటికీ మూసుకుని ఇంట్లో కూర్చుంటాం.

అమెరికాలోని కాలిఫోర్నియా ఈ చిన్న ఇంజన్ల సంగతిని ఎంత గట్టిగా పట్టించుకుందంటే, 2021లో చట్టం చేసి, 2024 మోడల్ నుంచి కొత్త తోట మిషన్లు పొగ వదలకూడదని నిబంధన పెట్టింది. మనకు అలాంటి నిబంధన వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

బ్రష్ కట్టర్ తర్వాత కంచె మొక్కలు కత్తిరించే హెడ్జ్ ట్రిమ్మర్, చివరగా మూవర్. ఆకులు ఊదే బ్లోయర్‌ను మా జాబితా నుంచి తీసేశాం. ఇంటి ముందు ఆకులకు ఈనెల చీపురు ఉండనే ఉంది.

మీరు కొంటున్నది బ్యాటరీని

మొదట నేను మిషన్‌ను చూసి ఎంచుకోబోయాను. అది తప్పు. ఒకసారి ఒక కంపెనీ బ్యాటరీ ఇంటికొస్తే తర్వాత కొనే మిషన్లన్నీ దానికి సరిపోయేవే కావాలి. అప్పుడు బ్యాటరీ, చార్జర్ లేకుండా ఒట్టి మిషన్ మాత్రమే కొనుక్కోవచ్చు, చాలా తక్కువలో వస్తుంది. కాబట్టి బ్రష్ కట్టర్, హెడ్జ్ ట్రిమ్మర్, మూవర్, చెట్లు కోసే రంపం చైన్ సా అన్నీ ఒకే బ్యాటరీతో నడిచే వరుస ఏ కంపెనీలో ఉందో, దాని సర్వీసు మన ఊళ్లోనే ఉందో లేదో ముందు అడగండి.

ఒకే కంపెనీ అయినంత మాత్రాన బ్యాటరీలు కలుస్తాయని అనుకోవద్దు. బాష్‌లో ఆకుపచ్చ రంగు ఇంటి మిషన్ల 18 వోల్టుల బ్యాటరీ వేరు, నీలం రంగు వృత్తి పనివారి బ్యాటరీ వేరు. ఒకదానిది ఇంకొకదానికి పట్టదు. స్టీల్ (Stihl) అనే కంపెనీలో ఏకే, ఏపీ అనే రెండు వరుసలూ 36 వోల్టులవే, అయినా ఒకదాని బ్యాటరీ మరొకదాంట్లో కూర్చోదు. మకీటా కొన్ని పెద్ద మిషన్లలో రెండు 18 వోల్టుల బ్యాటరీలు కలిపి 36 వోల్టులు చేస్తుంది. డ్రిల్లింగ్ మిషన్ కోసం ఇప్పటికే ఆ బ్యాటరీలు ఉన్నవారికి అది మంచి దారి.

పెట్టె మీది అంకెలను ఇలా చదవండి. 20 వోల్టులు అని రాసినదీ, 18 వోల్టులు అని రాసినదీ చాలాసార్లు ఒకే రకం బ్యాటరీ. లోపల ఐదు లిథియం సెల్స్ వరుసగా ఉంటాయి. నిండుగా చార్జి చేసిన క్షణంలో ఉండే వోల్టేజీని ఒకరు రాస్తారు, పనిలో ఉండే సగటును ఇంకొకరు రాస్తారు. 40 కీ 36 కీ తేడా కూడా అంతే. పెద్ద అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

అసలు చూడవలసింది వాట్ అవర్లు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వస్తుంది. 36 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 144 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. చిన్న మూవర్ మామూలు గడ్డిలో 400 నుంచి 500 వాట్లు లాగుతుందనుకుంటే, ఆ బ్యాటరీ దాదాపు 20 నిమిషాలు వస్తుంది. మలుపులు, ఆగడాలు కలుపుకుని మా రెండు వందల గజాలు ఎండాకాలంలో ఒక్క చార్జింగ్‌తో దాదాపు అయిపోతాయి. ఆగస్టులో అదే పచ్చిక సగం కాకముందే బ్యాటరీ ఖాళీ అవుతుంది. కాబట్టి లెక్క వానాకాలం గడ్డికి వేసుకోండి, రెండు బ్యాటరీలు కొనండి. ఒకటి పనిలో ఉంటే మరొకటి చార్జింగ్‌లో ఉంటుంది.

కరెంటు ఖర్చుకు భయపడేవారు చాలామంది ఉన్నారు. 180 వాట్ అవర్ల బ్యాటరీని, చార్జర్‌లో పోయే నష్టంతో సహా, ఒక యూనిట్‌తో ఐదుసార్లు నింపవచ్చు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా ఒకసారికి రెండు రూపాయలు. లీటరు పెట్రోలు నూరు దాటి ఎన్నాళ్లయిందో మీకు తెలుసు. అసలు ఖర్చు బ్యాటరీ ధరలో ఉంది. అది కొన్నేళ్లకు మార్చాల్సిన వస్తువు కాబట్టి, దాని ధరను మిషన్ ధరతో సమానంగా లెక్కలో రాసుకోండి.

మోటారు బ్రష్‌లెస్ అయినదే తీసుకోండి. మిక్సీలో కార్బన్లు అరిగి మార్పించడం మనందరికీ అలవాటే. బ్రష్‌లెస్ మోటారులో ఆ కార్బన్లే ఉండవు, అదే బ్యాటరీ మీద ఎక్కువసేపు కూడా నడుస్తుంది.

వాడే మనిషిని వెంట తీసుకెళ్లండి

ఈ వ్యాసంలో ఒక్క సలహానే పాటిస్తానంటే ఇది పాటించండి. మిషన్ ఎంచుకునేటప్పుడు తోటమాలిని అంగడికి తీసుకెళ్లండి. మేము వెళ్లినప్పుడు నేను తేలికగా ఉన్న బ్రష్ కట్టర్‌ను చూపించాను. ఆయన దాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపి, కింద పెట్టేసి, కాస్త బరువైనదాన్ని పట్టీతో భుజానికి తగిలించుకున్నారు. “బరువు చేతుల మీద ఉండకూడదు సార్, భుజం మీద ఉండాలి” అన్నారు. ఆ తేలిక మిషన్‌కు పట్టీ కొక్కెమే లేదు. నేను గంట చదివినా ఆ సంగతి నాకు తట్టలేదు.

తుంగ, గరిక లాంటి మెత్తని గడ్డికి నైలాన్ తీగ చాలు. ముదిరిన కంప ఉన్న చోట ఇనుప బ్లేడు పట్టే మిషన్ కావాలి. కంటికి అద్దాలు, కాళ్లకు బూట్లు బ్యాటరీ మిషన్‌కైనా తప్పనిసరి. శబ్దం తగ్గింది కదా అని ప్రమాదం తగ్గదు, తీగ విసిరే రాయి అదే వేగంతో వస్తుంది.

పాత మిషన్‌ను సాగనంపడం

ట్యాంకులో పెట్రోలు ఉంచి మూల పడేయకండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలిలో తేమకు కొదవ లేదు. కొన్ని నెలలు కదలకుండా ఉంటే కార్బురేటర్ జిగురు పట్టి, తుప్పు పట్టి మూసుకుపోతుంది, తర్వాత ఎవరూ కొనరు. పెట్రోలు తీసేసి, మిగిలింది అయిపోయి ఇంజను దానంతట అదే ఆగేదాకా ఆరుబయట నడపండి. ఆయిల్ కలిపిన పెట్రోలును స్కూటర్‌లో పోయకండి. మెకానిక్ షెడ్డులో టూ స్ట్రోక్ మిషన్లు వాడేవారికి ఇవ్వండి. మూవర్ ఇంజన్ ఆయిల్ కూడా అక్కడి వాడేసిన ఆయిల్ డబ్బాలోకే వెళ్లాలి. కాలువలో పోస్తే అది గెడ్డలోకీ, గెడ్డ నుంచి సముద్రంలోకీ పోతుంది.

కోత కొత్తగా నేర్చుకోవాలి

పెట్రోలు మూవర్ ఎత్తు గడ్డిని కూడా మొరటుగా నరుక్కుంటూ పోతుంది. బ్యాటరీ మూవర్‌తో అలా చేస్తే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒకసారి కోయకండి. వానాకాలంలో రెండు వారాలకు బదులు వారానికోసారి కోయండి. కోత తేలికవుతుంది, పచ్చిక ఒత్తుగా కూడా పెరుగుతుంది. తడి గడ్డి బ్లేడు కింద ముద్దగా అతుక్కుంటుంది. పొద్దున మంచు ఆరి, తొమ్మిది దాటాక మొదలుపెట్టండి. బ్లేడును రెండు మూడు నెలలకోసారి పదును పెట్టించండి, మొద్దుబారిన బ్లేడు బ్యాటరీని తాగేస్తుంది.

మా కొత్త మూవర్ చప్పుడు ఫ్యాను వేగం పెంచినట్టు ఉంటుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. ఆ అంకెల కంటే నాకు నచ్చిన కొలమానం ఇంకొకటి ఉంది. కోత రోజున పోటీ పరీక్షకు చదువుకునే నాలుగో అంతస్తు అమ్మాయి కిటికీ మూయడం మానేసింది.

ఉప్పు గాలి, ఎండ, తుపాను

మొదటి వానాకాలం తర్వాత మూవర్‌ను తిరగేసి చూస్తే బ్లేడు నట్టు చుట్టూ ఎర్రటి పొడి రాలింది. బ్యాటరీ కూర్చునే చోట రాగి పలకల మీద సన్నటి పచ్చని పొర కనిపించింది. తప్పు మాదే, కోత అయ్యాక గొట్టంతో కడిగి సెల్లార్‌లో పెట్టేవాళ్లం. ఇప్పుడు ముందు బ్యాటరీ తీసేస్తాం, తర్వాతే మిషన్ మీద చేయి వేస్తాం. అడుగున అతుక్కున్న గడ్డిని చెక్క ముక్కతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, బ్లేడుకు చుక్క నూనె రాస్తాం. నీళ్ల గొట్టం మిషన్ దగ్గరకు రానివ్వం.

పని అవగానే వేడి బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టవద్దు, అరగంట నీడలో చల్లారనివ్వండి. మే నెలలో ఎండలో నిలిపిన కారులో బ్యాటరీ వదిలేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. నెల రోజులు వాడకపోతే సగం చార్జింగ్‌తో ఇంట్లో చల్లని చోట ఉంచండి. చార్జర్‌ను మెట్ల కింద చెక్క సామాన్ల మధ్య కాకుండా గచ్చు మీద, కంటికి కనిపించే చోట పెట్టండి. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసేయండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు బ్యాటరీ చైన్ సా ఎంతసేపు పనిచేస్తుంది? చేతిలో ఉన్న చార్జింగ్ అయిపోయేదాకా, అంతే. ఇది బ్యాటరీకి ఉన్న నిజమైన లోటు. తుపాను హెచ్చరిక రాగానే మేము బ్యాటరీలన్నీ నింపుతాం. మొత్తం అపార్టుమెంటు సంఘానికి ఒక్క పెట్రోలు రంపం మాత్రం ట్యాంకు ఖాళీ చేసి ఉంచుకున్నాం. దాన్ని అమ్మే ఉద్దేశం ఇప్పట్లో లేదు.

బ్యాటరీ పని అయిపోయాక

ఉబ్బిన, పగిలిన, నీళ్లలో మునిగిన బ్యాటరీని మళ్లీ చార్జింగ్‌లో పెట్టకండి. చెత్తబండిలో అసలే వేయకండి, అక్కడ నలిగితే మంటలు రేగుతాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే. కొనే రోజునే అంగడివారిని పాతవి తీసుకుంటారా అని అడిగి, బిల్లు వెనక రాయించుకోండి. ఇచ్చే ముందు రాగి పలకల మీద ఇన్సులేషన్ టేపు అంటించండి.