కోరింగ మడ అడవుల్లో కయాక్ ఎక్కే ముందు

వలస పక్షుల కాలం దగ్గరపడుతున్నందున, కాకినాడ చెంతనున్న కోరింగ పాయల్లోకి కయాక్‌పై వెళ్లదలచినవారు ముందుగా వీటిని సరిచూసుకోవాలి.

ఆటుపోట్ల వేళలు తప్పక తెలుసుకోండి. ఇక్కడ రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. ఆటు సమయంలో సన్నపాయలో నీరు తీసి పడవ బురదకు అంటుకుపోతే, మళ్లీ పోటు వచ్చేవరకు గంటల తరబడి కదలలేరు, దిగి నడుద్దామన్నా కాళ్లు దిగబడే ఒండ్రులో మడచెట్ల శ్వాసవేర్లు మేకుల్లా నిలిచి ఉంటాయి.

అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి, ఇది అభయారణ్యం.

తెల్లవారుజామునే బయలుదేరండి. మధ్యాహ్నం సముద్రపు గాలి పెరిగితే మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) వైపు తెడ్డు వేయడం కష్టమవుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండం హెచ్చరిక ఉంటే, ఆకాశం నిర్మలంగా కనిపించినా ప్రయాణం మానుకోండి.

పక్షులు మేత ఆపి తల ఎత్తాయంటే మీరు మరీ దగ్గరికి వచ్చినట్లే. అక్కడే తెడ్డు ఆపాలి. ఇక్కడి బావురుపిల్లి (చేపలు వేటాడే అడవిపిల్లి) ఎక్కువగా రాత్రి తిరిగేది కనుక, పగటిపూట బురదపై దాని అడుగుజాడలు కనిపించినా అదృష్టమే.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకతీరాల్లో దిగవద్దు, రాత్రి దీపాలు వేయవద్దు. వెలుతురుకు తాబేలు పిల్లలు దారి తప్పుతాయి.