సింగపూర్ ఫ్లాట్‌లో పక్కింటివాళ్లతో కలవడం ఎలా

మేం సింగపూర్ వచ్చి పదకొండేళ్లయింది. ఉడ్‌లాండ్స్‌లో తొమ్మిదో అంతస్తు. ఎడమ పక్కన మలయ్ కుటుంబం, కుడి పక్కన చైనీస్ ముసలి దంపతులు. ఇదేదో అనుకోకుండా కుదిరింది కాదు. ఇక్కడ ఎక్కువమంది ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే ఉంటారు. ఒక్కో బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంత శాతం దాటకూడదో 1989 నుంచి రూలుంది: చైనీస్ 87, మలయ్ 25, భారతీయులూ ఇతరులూ కలిపి ఇప్పుడు 15. సర్కారు అందరినీ ఒకే వరండాలోకి తెచ్చి వదిలేస్తుంది. తలుపు తీయడం మన పని.

నిజంగా తలుపు గురించే చెబుతున్నాను. ఇక్కడి ఇళ్లకి ముందు ఇనుప గేటు, దాని వెనక చెక్క తలుపు. సాయంత్రం ఆరింటికి గేటు వేసి, చెక్క తలుపు తీసిపెట్టండి. మొదటి రెండేళ్లు నేను ఏసీ వేసుకుని తలుపు బిగించుకుని కూర్చుని, "ఇక్కడ ఎవరూ ఎవరితో మాట్లాడరమ్మా" అని ఫోన్లో అమ్మకి చెప్పేదాన్ని. తలుపు తీసిన వారానికే కుడి పక్క ఆంటీ గేటు దగ్గర ఆగి "తిన్నావా?" అంది, వచ్చీరాని ఇంగ్లిష్‌లో. మన "భోంచేశారా" లాంటిదే, ఒట్టి పలకరింపు. ఏం తిన్నామో చెప్పక్కర్లేదు, "తిన్నాను, మీరు?" అంటే చాలు. ఆవిడకి హొక్కియెన్ అనే చైనీస్ యాస తప్ప పెద్దగా రాదు. మిగతాదంతా చేతులతోనే.

అసలు చిక్కంతా తిండి దగ్గర. గుంటూరులో పుట్టి రంజాన్ తెలియనిదాన్ని కాదు, అయినా తలుపు తీసిన తొలి ఏడాది ఉపవాసాల నెలలో మిట్టమధ్యాహ్నం పులిహోర డబ్బాతో మలయ్ వాళ్ల గేటు కొట్టాను. ఆవిడ నవ్వుతూ తీసుకుని "పొద్దుగూకాక తింటాం" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మన వంటింట్లో చేసింది కొందరు తీసుకుంటారు, కొందరు హలాల్ పట్టింపుతో తీసుకోరు. అడిగేయండి. మొహమాటమైతే పళ్లు ఇవ్వండి. చైనీస్ పెద్దల్లో కొందరు దాదాపు మన అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మాంసం ముట్టరు, మన ఏకాదశి గురించి చెబితే ఇట్టే పట్టుకుంటారు. వాళ్ల కొత్త సంవత్సరానికి వెళ్తే కమలాపళ్లు రెండు, రెండు చేతులతో ఇవ్వాలి. గడియారం మాత్రం బహుమతిగా ఇవ్వకండి, చైనీస్‌లో ఆ మాట పోయినవాళ్లని సాగనంపినట్టు వినిపిస్తుందట.

ఇక వాసనలు. చైనా నుంచి వచ్చిన ఒక కుటుంబానికి పక్కింటి భారతీయుల కూర వాసన పడలేదు. మధ్యవర్తి దగ్గర, వాళ్లు ఇంట్లో లేనప్పుడే వీళ్లు కూర వండుకునేలా రాజీ కుదిరింది. కొన్నేళ్లకి, 2011లో, సంగతి బయటికి రాగానే జనానికి ఒళ్లు మండింది. ఆ ఆగస్టు 21న అన్ని జాతులవాళ్లూ పనిగట్టుకుని కూర వండి పంచుకున్నారు. అలాగని ఇంగువ పోపు పెట్టేటప్పుడు వరండా కిటికీ తెరిచిపెట్టమని కాదు. నేను మూసేస్తాను. చైనీస్ వాళ్లు తమ ఏడో నెలలో పితృదేవతలకి కింద కాగితాలు కాలుస్తుంటే పొగ అని నసగను.

అన్నీ ఇలా తీరవు. అద్దె ప్రకటనలో "లైట్ కుకింగ్" అని ఉంటే మన పోపులు వద్దని అర్థం. ఒకాయనైతే ఫోన్లో మా పేరు వినగానే ఇల్లు అయిపోయిందన్నాడు. దానికి నా దగ్గర చిట్కా లేదు.

మనకి మనం పెట్టుకునే అడ్డం ఇంకోటుంది. శనివారం తెలుగువాళ్లింట్లో భోజనం, ఆదివారం లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్, మధ్యలో వాట్సాప్ గ్రూపు. వారం గడిచిపోతుంది. నెలకో ఆదివారమైనా బ్లాకు కింద ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లో పిల్లల్ని ఆడుకోనిచ్చి, మీరూ కూర్చోండి.

అన్నిటికన్నా బాగా పనిచేసేది, ఇవ్వడం కాదు, అడగడం. జూన్ సెలవులకి ఊరెళ్లేటప్పుడు కరివేపాకు కుండీకి నీళ్లు పోయమని పక్కింటి ఆంటీకి చెప్పండి. తిరిగొచ్చేసరికి సగం ఆకు ఉండదు. చేపతల కూరలోకి వెళ్లిపోయి ఉంటుంది.