ప్రయోగాత్మక జాజ్‌కి చిన్న బృందం కూర్చుకోవడం

ముందు బేస్, డ్రమ్స్ వాయించేవాళ్లను ఎంచుకోండి. సాక్సోఫోన్, ట్రంపెట్ తర్వాత. అమెరికన్ సాక్సోఫోన్ కళాకారుడు ఆర్నెట్ కోల్‌మన్ 1959 నాటి క్వార్టెట్‌లో (నలుగురి బృందంలో) పియానో లేదు. పియానో కార్డ్‌లు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) కట్టడి చేయకపోతే సోలో వాయించేవారు ఎటైనా వెళ్లగలరు, కానీ ఆ బరువంతా బేస్ మీద పడుతుంది. ఆ బృందంలో బేస్ వాయించిన చార్లీ హేడెన్‌లా చెవితో అనుసరించగల మనిషి దొరికేదాకా ఆగండి.

నలుగురినీ ఒకేసారి కూర్చోబెట్టవద్దు. ఇద్దరిద్దరుగా 10 నిమిషాలు వాయించి, రికార్డు చేసి, వెంటనే వినండి. ఎవరు ఆగి వింటున్నారో తెలిసిపోతుంది. వేళ్ల వేగం కన్నా అదే ముఖ్యం.

రాసుకునే ట్యూన్ ఒక పేజీ చాలు. ముగింపు సైగ ఎవరు చేయాలో ముందే తేల్చుకోండి, లేకపోతే వాయిద్యం తెగకుండా సాగుతుంది. అందరూ ఎడతెరిపి లేకుండా వాయిస్తే రొదే మిగులుతుంది: ఒకసారికి ఇద్దరే అని నియమం పెట్టండి. చిన్న గదిలో డ్రమ్స్ బేస్‌ను మింగేస్తుంటే కర్రల బదులు బ్రష్‌లు వాడమనండి.